లెవియాతాను జన్మస్థానము: ఒక సంవాదము

హెబ్రీయుల పవిత్రగ్రంథమున రాజులును ప్రవక్తలును పట్టపగటి వెలుగులో సంచరించుచుండగా, లెవియాతాను, బెహేమోతు, రహబు, తన్నీను అను పేళ్ళు గల మహాసత్త్వములు మాత్రము ఒకచో కీర్తనలోని యొక చరణమునందును, వేఱొకచో ప్రవక్త హెచ్చరికయందును, మఱియొకచో దుఃఖితుని శాపవాక్యమునందును ఒక్కసారి తలయెత్తి, తమ కులగోత్రములు చెప్పకయే మరల మునిగిపోవుచుండును. ఇవి భూమిమీద మెసలిన మృగములా, లేక ప్రాచీనజాతుల పురాణములనుండి వచ్చి చేరిన భూతములా యను ప్రశ్న రెండువేల యేండ్లుగా వ్యాఖ్యాతలను విడిచిపెట్టలేదు. ఈ విషయమున భిన్నాభిప్రాయములు గల యిద్దఱి వాదము నిచ్చట కూర్చుచున్నాను. ఒకరు దైవశాస్త్ర పాఠశాలలో చిరకాలము పాతనిబంధనము బోధించిన బోధకులు. రెండవవారు పశ్చిమాసియా మృత్ఫలకముల లిపులు చదువుటయందే జీవితము గడపిన పండితులు. ఇరువురును హెబ్రీ మూలము నెఱిగినవారే. ఇరువురికిని ఆ గ్రంథమునందు భక్తి గలదు. నాకు తోచిన మాటను నడుమ నొకటి రెండు తావుల చెప్పియున్నాను.

బోధకుడు: పంతులుగారూ, యోబు గ్రంథము నలుబదవ అధ్యాయము తెఱచినవానికి సందేహమునకు తావెక్కడిది? బెహేమోతు ఎద్దువలె గడ్డి మేయును. తామరల నీడను, రెల్లు మఱుగున, బురదనేలలో పండుకొనును. నది పొంగి మీదికి వచ్చినను బెదరక నిలుచును. ఇది నీటిగుఱ్ఱము గాక మఱేమి? తరువాతి యధ్యాయమున లెవియాతానుకు సందులేక అతుకుకొన్న పొలుసులున్నవి, భయంకరమైన దంతపంక్తి యున్నది, అది ప్రాకిన బురదమీద నూర్పిడిమ్రాను లాగినట్లు గీతలు పడుచున్నవి. ఇది మొసలి. 1663లో శామ్యూలు బోషారు అను ఫ్రెంచి పండితుడు బైబిలు జంతువులను గూర్చి రచించిన బృహద్గ్రంథమున నిట్లే నిర్ణయించెను. మన తెలుగు బైబిలులో యోబు చదువువారికిని ఇవి నీటిగుఱ్ఱముగను మకరముగను పరిచితములే. బోషారునకు నాలుగువందల యేండ్లకు పూర్వము తోమా అక్వినాసు ఒకదానిని ఏనుగనియు రెండవదానిని తిమింగిలమనియు వ్యాఖ్యానించినమాట నిజమే. అయినను ఆయనయు జంతువులనే చూచెను గాని భూతములను చూడలేదు. పైగా నీటిగుఱ్ఱపు టెముకలు పాలస్తీనా తీరమైదానమున పురాతన జనావాసములలో త్రవ్వకములయందు దొరకినవి. కర్మేలు పర్వతమునకు దక్షిణమున నున్న చిత్తడినేలలలో ఇరువదవ శతాబ్దారంభము వఱకు మొసళ్ళుండెను. అచ్చటి వాగునకు నేటికిని మొసళ్ళ వాగనియే పేరు. కవి తన దేశమునందే వీనిని చూచియుండవచ్చును.

పండితుడు: అయ్యగారూ, మీరు చదివిన చరణములే నేనును చదివితిని, కాని మీరు విడిచిన చరణములను కూడ చదివితిని. లెవియాతాను నోటినుండి దివిటీలు వెలువడును. నాసికారంధ్రములనుండి కాగుచున్న కుండనుండి వలె పొగ లేచును. అది కదలినప్పుడు అగాధజలములు మరుగును. ఇనుము దానికి గడ్డిపోచ. అది లేచి నిలిచినచో బలాఢ్యులే భయపడుదురు. ఏ మొసలి నిప్పు క్రక్కినది? మఱియొక్క మాట. దీనిని గూర్చి దేవుడు యోబును మొట్టమొదట అడిగిన ప్రశ్న యేమి? దీనిని గాలముతో లాగగలవా యని. హెరొడోటసు తన చరిత్ర రెండవ సంపుటమున నైలునదిమీద మొసళ్ళను పట్టు విధానము వ్రాసినాడు: పందివెన్నుమాంసమును గాలమునకు గ్రుచ్చి నడిప్రవాహమున విడిచి, ఒడ్డున బ్రదికియున్న పందిపిల్లను కొట్టి అఱపించినచో, ఆ అఱపునకు వచ్చు మొసలి మాంసమును మ్రింగి చిక్కుకొనునట. సృష్టికర్త సుడిగాలినుండి పలికిన మహాప్రశ్నకు నైలునది బెస్తవాడు లాగగలననియే ప్రత్యుత్తరమీయగల డన్నచో, ఆ ప్రశ్నకు గాంభీర్యమేమి మిగిలినది?

బోధకుడు: కవిత్వమున అతిశయోక్తి యుండుట మనకు క్రొత్తగాదు. మొసలి నీటనుండి తలయెత్తి ఊపిరి విడిచినప్పుడు ఆ తుంపురులమీద ప్రాతస్సూర్యుని కిరణములు పడినచో, దూరమునుండి చూచు కవికి అవి నిప్పురవ్వలుగా తోచుటలో వింతయేమున్నది? సందర్భము గూడ విచారింపుడు. దీనికి ముందటి యధ్యాయములలో సింహము, కాకి, కొండమేక, అడవిగాడిద, నిప్పుకోడి, యుద్ధాశ్వము, డేగ వరుసగా వర్ణింపబడినవి. అన్నియు నిజమైన జంతువులే. ఈ వరుస చివర రెండు భూతములను నిలుపుట కవికి ఔచిత్యమగునా?

పండితుడు: వరుస తెగినది, అయ్యగారూ. డేగతో దేవుని మొదటి ప్రసంగము ముగిసినది. యోబు చేతితో నోరు మూసికొని యిక మాటాడననినాడు. పిదప రెండవ ప్రసంగ మారంభమగునప్పుడు ప్రశ్నయే మాఱినది. మొదటిది జ్ఞానమును గూర్చిన ప్రశ్న: అడవిమేకలు ఈను కాలము నీకు తెలియునా యని. రెండవది బలమును గూర్చినది: గర్విష్ఠులను అణచగలవా, దుష్టులను ఉన్నచోటనే త్రొక్కగలవా, అట్లయిన నేనే నిన్ను స్తుతింతునని. ఆ సవాలు వెంటనే బెహేమోతు, దాని వెంట లెవియాతాను ప్రవేశించినవి. ఇవి జంతుజాబితాకు అనుబంధములు గావు. అణచవలసిన గర్వమునకు స్వరూపములు. ఇంతకన్న బలమైన సాక్ష్యము మూడవ అధ్యాయమున నున్నది. యోబు తాను పుట్టిన దినమును శపించుచు, దినములను శపింపనేర్చినవారును, లెవియాతానును రేపజాలినవారును దానిని శపింతురుగాక యనినాడు. మొసలిని రేపుటకు మంత్రవేత్తలు కావలయునా? లెవియాతాను లేచినచో వెలుగు నశించి దినమే లేకుండ బోవునని యాతని భావము. అట్టి శక్తి యే జలచరమునకు గలదు?

ఇచ్చట నొక మాట. మూడవ అధ్యాయపు సాక్ష్యము వినినంతనే లెవియాతాను విషయమున మొసలి వాదము నిలువదని నాకు తోచినది. ఈ కాలమున కొందఱు బోధకులు ఇవి డైనోసారు లనుచున్నారు. ఆ ప్రాణులు సుమారు ఆఱుకోట్ల అఱువదిలక్షల యేండ్లక్రిందటనే నశించినవి, ఏ మనుష్యుడును వానిని చూచి యెఱుగడు, కావున ఆ వాదముతో కాలము గడపనక్కఱలేదు. విలువైన ప్రశ్న తరువాతిదే: మృగము కానిచో నిది యెక్కడినుండి వచ్చినది?

బోధకుడు: ఇక మీరు బబులోను పేరు చెప్పుదురని యెఱుగుదును. నీనెవె శిథిలములలో అషూర్బనిపాలు గ్రంథాలయమున దొరకిన మృత్ఫలకములనుండి జార్జి స్మిత్తు 1876లో సృష్టికథను ప్రకటించినప్పటినుండియు, మర్దూకు దేవుడు సముద్రరూపిణియైన తియామతును చీల్చి ఆకాశమును భూమిని చేసినకథయే మా ఆదికాండమునకు మాతృక యని చెప్పుట పండితులకు వాడుకయైనది. హెర్మన్ గుంకెలు 1895లో దీనిమీదనే గొప్ప గ్రంథము వ్రాసెను. కాని సర్పమును చంపిన దేవుడు లేని జాతి యేది? ఇంద్రుడు వృత్రుని వధించి జలములను విడిపించినకథ ఋగ్వేదమున లేదా? పోలికయే ప్రమాణమైనచో హెబ్రీయులు దానినుండియు గ్రహించిరని చెప్పవలసివచ్చును.

పండితుడు: పోలిక ప్రమాణము కాదని మీరన్నమాటను శిరసావహించుచున్నాను. వృత్రకథ పోలిక మాత్రమే. దానినుండి వంశావళి వ్రాయరాదు. గుంకెలు గొప్పవాడే, కాని ఆయనకు దొరకని సాక్ష్యము మనకు దొరకినది. 1928లో సిరియా తీరమున, లటకియా పట్టణమునకు ఉత్తరమున, ఒక కర్షకుడు దున్నుచుండగా నాగలి సమాధిరాతికి తగిలినది. మఱుసటియేట క్లోదు షఫేరు నాయకత్వమున ఫ్రెంచివారు ప్రక్కనున్న రాస్ షమ్రా దిబ్బను త్రవ్వనారంభించిరి. బయల్పడిన నగరము ఉగారితు. క్రీస్తునకు పూర్వము 1200 ప్రాంతమున ధ్వంసమైనది. అచ్చటి మృత్ఫలకములమీద నున్నది ముప్పది యక్షరముల లిపి. దానిని విరొల్లో, బావరు, దోర్ము అను మువ్వురు స్వల్పకాలములోనే చదువగలిగిరి. ఆ భాష హెబ్రీకి అతిసన్నిహితము. అందు మీ ప్రవక్తలు నిందించిన బయలు దేవుని కథయే విపులముగా నున్నది. అతడు యాము అను సముద్రదేవుని, దేవశిల్పి చేసియిచ్చిన గదలతో కొట్టి కూల్చి రాజ్యము సంపాదించినాడు. తరువాతి ఫలకమున మృత్యుదేవుడైన మోతు, బయలు చంపిన యొక మహాసర్పమును పేర్కొన్నాడు. దాని పేరులోని హల్లులు లెవియాతాను పేరులోనివే. దాని విశేషణములు రెండు: పారిపోవునది, మెలికలు తిరుగునది. దాని తలలు ఏడు. ఇప్పుడు యెషయా యిరువదియేడవ అధ్యాయము మొదటి వచనము తీయుడు. అచ్చట లెవియాతానుకు నున్న విశేషణములు ఆ రెండే, ఆ వరుసనే. కీర్తనలలో డెబ్బదినాల్గవది తీయుడు. అచ్చట లెవియాతానుకు తల యొక్కటి కాదు, తలలు. పేరు, విశేషణములు, వాని వరుస, తలల బహుత్వము ఇన్నియు ఏకమైనప్పుడు అది యాదృచ్ఛిక మనగలమా?

బోధకుడు: (కొంతసేపు ఆలోచించి) ఆ వచనమును నేనెన్నిమాఱులో బోధించితిని. ఆ విశేషణములు ప్రవక్తకు పూర్వమే లోకమున వాడుకలో నుండెననుట కాదనలేను. అయినను ఉగారితునకు ఆ కథ బబులోనునుండి వచ్చియుండరాదా? అట్లయిన గుంకెలు చెప్పినదే స్థిరపడును గదా.

పండితుడు: త్రోవ దానికి విపరీతముగా సాగినట్లు కనబడుచున్నది. యూఫ్రటీసు తీరమున మారి నగరమునేలిన జిమ్రీలీమునకు, క్రీస్తునకు పూర్వము పదునెనిమిదవ శతాబ్దమున, అలెప్పో నగరపు మేఘదేవుని సందేశముగా వ్రాయబడిన లేఖ యొకటి దొరకినది. నేను సముద్రముతో పోరాడిన ఆయుధములను నీకిచ్చితినని ఆ దేవుడు చెప్పినట్లందున్నది. బబులోనులో మర్దూకు కథ మనకు దొరకిన రూపమున కూర్పబడుటకు శతాబ్దములకు పూర్వమే, సిరియాలో మేఘదేవుడు సముద్రమును జయించినకథ రాజనీతిలో పలుకుచుండెను. శీతకాలమున పడమటి సముద్రమునుండి మేఘములు లేచి, తరంగములు తీరమును బ్రద్దలుచేయుచుండగా, ఉఱుముతో వచ్చిన వర్షము పొలములను బ్రదికించు ఆ తీరవాసులకు ఈ యుద్ధము ఏటేట కన్నులయెదుట జరుగునదే. బబులోను మైదానవాసులకు అట్టి సముద్రము లేదు. ఏడుతలల సర్పము మాత్రము ఇంకను పురాతనము. ఇరాకులోని తెల్ అస్మరు త్రవ్వకములలో దొరకిన అక్కదు కాలపు ముద్రికమీద, వీపున జ్వాలలు లేచుచున్న ఏడుతలల భూతమును దేవతలు పొడుచుచున్నారు. కొన్ని తలలు వ్రాలియు, కొన్ని యింకను నిక్కియు నున్నవి.

బోధకుడు: సరియే, పంతులుగారూ, ఇప్పుడు నా హృదయమును బాధించు ప్రశ్న అడుగుచున్నాను. బయలును కర్మేలు కొండమీద ఏలీయా సిగ్గుపఱచెను. ఆ దేవుని పేరు వినినంతనే చెవులు మూసికొన్న ప్రవక్తలు, ఆ దేవుని విజయగాథను తమ దేవునికి తొడిగిరనుట ఎట్లు నమ్ముదును? ఆదికాండము మొదటి యధ్యాయము చూడుడు. అచ్చట పోరాటము లేదు. అయిదవ దినమున దేవుడు గొప్ప తన్నీనులను సృజించెను. వానిని చూచి మంచిదనెను. శత్రువుగా నిలిచిన తన్నీను అచ్చట చేపలతోను పక్షులతోను సమానమైన సృష్టి. ఇది గ్రహించుట కాదు, ఖండించుట.

పండితుడు: ఆదికాండకర్త ఖండించెను, ఒప్పుకొందును. కాని ఖండింపవలసివచ్చినది ఎందులకు? ఆ కథ శ్రోతలకు తెలిసియుండుటచేతనే గదా! కీర్తనకర్త వేఱుదారి త్రొక్కెను. బయలు తలమీది కిరీటమును తీసి, ఇది నీదికాదని చెప్పి, తన దేవుని తలమీద పెట్టెను. పరాజితుని ఆయుధమును జేత తన దేవాలయమున వ్రేలాడదీయునట్లు, కనాను దేశపు స్తుతిని యిశ్రాయేలు తన దేవాలయమునకు తెచ్చుకొన్నది. ప్రవక్తలు మఱియొక పని చేసిరి. భూతమును రాజకీయములలోనికి దింపిరి. యెహెజ్కేలు ఫరోను తన నదిలో పండుకొన్న మహాతన్నీను అనెను. దవడలకు గాలములు తగిలింతుననెను. యిర్మీయా గ్రంథమున నెబుకద్రెజరు తన్నీనువలె సీయోనును మ్రింగెను. రహబు అను పేరు ఉగారితు ఫలకములలో కనబడలేదు. కాని హెబ్రీకవులు దానిని సముద్రమున నఱికిన శత్రువుగ నొకచోటను, ఐగుప్తునకు మాఱుపేరుగ వేఱొకచోటను వాడిరి.

బోధకుడు: మీరు డెబ్బదినాల్గవ కీర్తనను పేర్కొంటిరి గాని, ఆ కీర్తన యెక్కడ నిలిచి పాడబడినదో చెప్పలేదు. దేవాలయము కాలిపోయినది. శత్రువులు గొడ్డళ్ళతో చెక్కడపు పనులను విఱుగగొట్టిరి. ప్రవక్త లేడు, ఎంతకాల మిట్లుండునో యెఱిగినవాడు లేడు. ఆ బూడిదలో నిలుచుండి భక్తుడు, పూర్వము లెవియాతాను తలలను చితుకగొట్టి అరణ్యవాసులకు ఆహారముగ నిచ్చినవాడవు నీవే యని దేవునికి జ్ఞాపకము చేయుచున్నాడు. పంతులుగారూ, ఇది విజయగీతమా? ఇది నిష్ఠురము. నాడు అంత చేసినవాడవు నేడు చేయి ముడుచుకొని యేల కూర్చుంటివని కంటనీటితో అడుగు ప్రశ్న. యెషయా యేబదియొకటవ అధ్యాయమున చెఱలోనున్న జనమునకై ప్రవక్త, రహబును నఱికిన బాహువును మేలుకొమ్మని పిలుచుచున్నాడు. నిద్రించుచున్నదానినే గదా మేలుకొమ్మందురు! ఇక మీకు ప్రియమైన యిరువదియేడవ అధ్యాయమున దేవుడు లెవియాతానును చంపినాడని లేదు. ఆ దినమున చంపునని యున్నది. ఉగారితులో సర్పవధ జరిగిపోయిన కార్యము. హెబ్రీ ప్రవక్తకు అది జరుగవలసిన కార్యము. మీ మృత్ఫలకములు పేరు నిచ్చినవి, తలల నిచ్చినవి. ఈ నిరీక్షణ నీయలేదు.

బోధకులవారి యీ మాటలు ఈ సంవాదమునకెల్ల శిఖరమని నా యభిప్రాయము. మూలమును త్రవ్వుటలో నేర్పరులైన పండితులు పలువురు, ఆ మూలము హెబ్రీకవి చేతిలో నే దుఃఖమును మోసినదో చూడక విడిచిరి.

పండితుడు: దీనికి నాయొద్ద ప్రతివాదము లేదు, అయ్యగారూ; కాని యొక్క నియమమున్నది. ఆ నిష్ఠురము పూర్తిగ వినవలెనన్నచో, పాతకథ తెలిసియుండవలయును. లెవియాతాను మొసలి యన్నచో, దేవాలయము కాలినవేళ భక్తుడు దేవునికి ఒక మొసలివేటను జ్ఞాపకము చేసెనని చెప్పవలసివచ్చును.

బోధకుడు: ఆ నియమమునకు లోబడుదును. లెవియాతాను మొసలి యను మాటను నేటినుండి విడిచితిని. ఇక యోబును మీరు చదివినరీతికి నా యాక్షేపణ వినుడు. ఏడవ అధ్యాయమున యోబు దేవుని అడిగెను: నేనేమైన సముద్రమునా, తన్నీనునా, నామీద కావలి యుంచితివి? తన్ను ఆ భూతమువలె చూచుచున్నాడని యాతని వేదన. నలుబదియొకటవ అధ్యాయమున దేవుడు దానికే ప్రత్యుత్తర మిచ్చుచున్నాడు. అచ్చట లెవియాతానును చంపలేదు, నఱుకలేదు. దాని అవయవములను, బలమును, అందమైన తీరును గూర్చి మౌనముగ నుండనని చెప్పి, తన చేతిపనిని చూచి సంతోషించు శిల్పివలె వర్ణించుచున్నాడు. మీరది అణచవలసిన గర్వమనిరి. నేను దానిని దేవుడు అణచక విడిచిన గర్వమందును.

పండితుడు: అణచక విడువలేదు, హద్దులో నుంచినాడు. ముప్పదియెనిమిదవ అధ్యాయమున సముద్రమునకు తలుపులును గడియలును పెట్టి, ఇంతవఱకే రమ్మని యాజ్ఞాపించినవాడే లెవియాతానునకు యజమాని. చంపబడకున్నను అది స్వతంత్రము కాదు. ఇంతకన్న మీ పక్షమునకు అనుకూలమైనది నూటనాల్గవ కీర్తన. అచ్చట ఓడలు నడచు సముద్రమున లెవియాతాను ఆడుకొనుటకై చేయబడిన ప్రాణి. ఒక కవి దానిని చంపించెను, ఒకడు ఆడించెను, ఒకడు ముందునకు వధ్యముగ నిలిపెను. ఒకే గ్రంథమున నివి యన్నియు నిలిచియున్నవి. వీనిని ఒకే మాటగా కరగింపరాదు.

బోధకుడు: మఱి బెహేమోతు? గడ్డి మేయు ఆ మృగమును గూడ కనానునకు అప్పగింపుమందురా?

పండితుడు: అచ్చట నా సాక్ష్యము బలహీనము. బెహేమోతు పేరు ఉగారితులో లేదు. అనాతు దేవి తాను కూల్చిన శత్రువుల జాబితాలో ఏలు దేవుని దూడ నొకదానిని చెప్పుకొన్నది. దానిని బెహేమోతునకు ముడిపెట్టువారున్నారు గాని, అది ఊహ. ఐగుప్తులో మాత్రము నీటిగుఱ్ఱమే భూతము. ఎద్ఫు ఆలయపు గోడలమీద హోరసు దేవుడు, సేతు స్వరూపమైన నీటిగుఱ్ఱమును ఈటెలతో పొడుచుచున్నాడు. కావున నీటిగుఱ్ఱమని మీరన్నను, అది వట్టి జంతువేయని సిద్ధాంతము కాదు.

బోధకుడు: అయినను నీటిగుఱ్ఱము నాకు మిగిలినది! దేవదారువంటి తోక దానికెక్కడిదని మీరడుగకపోవుట మీ సౌజన్యము.

వీరి సంభాషణ ఇంకను తరువాతి గ్రంథములమీద కొంతసేపు సాగెను. హనోకు గ్రంథమున లెవియాతాను సముద్రగర్భమున ఆడుసత్త్వముగను, బెహేమోతు అరణ్యమున మగసత్త్వముగను వేఱుపఱుపబడినవి. తల్మూదులో దేవుడు లెవియాతాను జాతి ఆడుదానిని చంపి, నీతిమంతుల విందుకొఱకు ఉప్పువేసి దాచెనని చెప్పబడినది. ప్రకటన గ్రంథమున ఏడుతలల ఘటసర్పము మరల లేచినది. ఇవి పూర్వకథకు శాఖలు. మూలనిర్ణయమునకు వీనితో పనిలేదు.

నా నిర్ణయ మిది. లెవియాతాను కనాను తీరపు సముద్రమున పుట్టినది. రాస్ షమ్రా ఫలకములు బయల్పడిన పిదప ఈ మాటను త్రోసిపుచ్చుటకు తగిన ఆధారము నేను చూడలేదు. బెహేమోతు వంశము ఇంకను నిరూపితము కాలేదు; కావున బోధకులవారి నీటిగుఱ్ఱమును ఇప్పటికి వారియొద్దనే యుండనిత్తము. పాఠకులు మాత్రము యోబు మూడవ అధ్యాయమును, ఏడవదానిని, నలుబదియొకటవదానిని ఒకే ఆసనమున చదివి, వెంటనే డెబ్బదినాల్గవ కీర్తనను దాని కాలిన దేవాలయముతో సహా చదువవలెనని నా ప్రార్థన.